మూడో నంబరు క్వార్టర్లో పదకొండు ఇంజిన్లు

దూదేకుల హుసేనప్ప తన రైల్వే క్వార్టర్లో పదకొండు రైలింజిన్లను దొంగచాటుగా అద్దెకు పెట్టుకున్నాడని మార్చి పదో తారీకు ఉదయం పదిన్నరకు ఋజువైంది. పదీ ముప్పై అయిదుకు నోటీసు టైపయింది. పదకొండుకు అది అతని చేతిలో ఉంది. ఊటగుంట జంక్షన్లో ఏ రైలూ అంత కచ్చితంగా వచ్చిన చరిత్ర లేదు.

వ్యవహారం జనవరిలో మొదలైంది.

ఊటగుంట రైల్వే శిక్షణ పాఠశాలలో మోడల్ రూమ్ అని ఒక పెద్ద హాలు ఉంది. హాలు నిండా ఒకటే బల్ల. బల్ల మీద పట్టాలు, సిగ్నళ్ళు, నాలుగు స్టేషన్లు, ఒక సొరంగం. కొత్తగా చేరిన స్టేషన్ మాస్టర్లు పెద్ద రైళ్ళను గుద్దించే ముందు ఇక్కడ చిన్న రైళ్ళను గుద్దించి పని నేర్చుకుంటారు. మూరెడు పొడవున్న ఇంజిన్లు పదకొండు ఉన్నాయి. వర్క్‌షాపు ఫిట్టర్లు ఎప్పుడో ఇత్తడితో, రేకుతో చేసినవి. ఇరవై ఆరేళ్ళుగా వాటికి నూనె పోసి, చక్రాలు తుడిచి, తీగలు అతికే టెక్నీషియన్ హుసేనప్ప.

జనవరిలో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. శిక్షణ పాఠశాలల్లోని నమూనా ఇంజిన్లన్నిటికీ, వాటి వయసుతో నిమిత్తం లేకుండా, మార్చి నెలాఖరులోగా డిజిటల్ డీకోడర్లు అమర్చాలి. ఎందుకన్నది ఉత్తర్వులో లేదు. ఎందుకో చెప్పిన ఉత్తర్వును ఊటగుంటలో ఎవరూ ఎన్నడూ చూడలేదు కాబట్టి అదొక లోటుగా ఎవరికీ తోచలేదు.

ప్రిన్సిపల్ చిదంబరరావు హుసేనప్పను పిలిపించాడు.

"హుసేనప్పా, మనమంతా ఒక చారిత్రక పరివర్తన ముంగిట నిలబడి ఉన్నాం."

"నేను ముంగిట్లోనే ఉండాను సార్. లోపలికి రమ్మంటారా?"

లోపలికి రమ్మని ఒక అట్టపెట్టె ఇచ్చాడు. అందులో పన్నెండు డీకోడర్లు. ఒక్కొక్కటి వేలిగోరంత.

పాత పద్ధతిలో గుండీ తిప్పితే పట్టాల్లోకి కరెంటు పోయేది. పట్టాల మీద ఏ ఇంజిన్లు ఉంటే అవన్నీ కదిలేవి. కొత్త పద్ధతిలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దానితోపాటు ఆజ్ఞలూ పోతుంటాయి. ప్రతి ఇంజిన్ కడుపులో ఒక డీకోడర్, ఆ డీకోడర్‌కు ఒక అంకె. "ఏడూ, కదులు" అంటే ఏడే కదులుతుంది. మిగతావి తమను కాదన్నట్టు ఊరుకుంటాయి. ఆ అంకెను అడ్రస్ అంటారు.

ఈ ఒక్క మాట వల్లే తరవాత జరిగిందంతా జరిగింది.

డీకోడర్లు పెట్టడం హుసేనప్పకు కష్టమైంది గానీ రాని విద్య కాదు. పాత ఇంజిన్లలో మోటారు కొస ఒకటి ఇంజిన్ ఒంటికే ఆనుకొని ఉంటుంది. దాన్ని విడదీయకుండా డీకోడర్ తగిలిస్తే మాడిపోతుంది. మొదటిది అట్లాగే మాడింది. ప్రిన్సిపల్ చూస్తుండగానే ఆవిరి ఇంజిన్ బొగ్గు డబ్బాలోంచి సన్నగా పొగ లేచింది.

"అద్భుతం!" అన్నాడు చిదంబరరావు. "పొగ కూడా వస్తుందా?"

"ఒక్కసారే వస్తుంది సార్."

"పొగ ప్రదర్శన సంతృప్తికరం" అని పై ఆఫీసుకు నివేదిక పోయింది. హుసేనప్ప ఐస్‌క్రీమ్ డబ్బా మూతలు కత్తిరించి మోటార్ల కింద ముక్కలు పెట్టాడు. ఇనుప మరలు తీసి ప్లాస్టిక్ మరలు బిగించాడు. ఫిబ్రవరి చివరికి పదకొండు డీకోడర్లు పదకొండు ఇంజిన్ల కడుపుల్లో కూర్చున్నాయి.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి డీకోడర్‌కూ అడ్రస్ మూడే ఉంటుంది. కొనుక్కున్నవాడు తనకు కావలసిన అంకె పెట్టుకోవాలి. అంకెలు మార్చడం అయిదు నిమిషాల పని. కానీ ఉత్తర్వు ఆరో పేరాలో, "కంపెనీ నిర్ణయించిన అంకెను కమిటీ ముందస్తు అనుమతి లేకుండా మార్చరాదు" అని ఉంది. కమిటీ ఇంకా పుట్టలేదు. అందుచేత హుసేనప్ప "మూడూ, కదులు" అంటే పదకొండు ఇంజిన్లూ ఒకేసారి కదిలాయి. పాత పద్ధతిలోనూ అచ్చం ఇట్లాగే కదిలేవి.

తరవాత ఒక ఫారం వచ్చింది. పై ఆఫీసు భాషా విభాగం దాన్ని ఇంగ్లీషు నుంచి శ్రద్ధగా తెలుగు చేసింది. అందులో 'అడ్రస్' అన్న గడి 'నివాస చిరునామా' అయింది. హుసేనప్ప పదకొండు వరుసల్లో పదకొండుసార్లు 'మూడు' అని రాసి కింద సంతకం పెట్టాడు. 'నివాస' అన్న మాట ఉన్న ప్రతి కాగితమూ క్వార్టర్ల వ్యవహారం చూసే ఎస్టేట్ సెక్షన్‌కు పోతుంది. ఇదీ పోయింది.

లోకో కాలనీలో మూడో నంబరు క్వార్టర్ హుసేనప్పది.

*

ఎస్టేట్ సెక్షన్ సూపరింటెండెంట్ ధనుంజయ నిజాయితీపరుడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితాన్ని కూడా అనుమానించలేదు. మనుషులనే అనుమానించాడు.

"సార్, ఇదేంది సార్?" హుసేనప్ప నోటీసు చూపించాడు.

"చదువుకున్నావు కదప్పా. సబ్‌లెటింగ్. పదిహేను రోజుల్లో సంజాయిషీ. లేదంటే క్వార్టర్ ఖాళీ."

"అవి ఇంజిన్లు సార్. మూరెడుంటాయి."

"పొడవుతో పనిలేదు. రూల్లో ఏముంది? 'వ్యక్తులను గానీ, ఇతరములను గానీ'. ఇంజిన్ వ్యక్తా?"

"కాదు సార్."

"అయితే ఇతరము."

"అసలు అవి మా ఇంట్లో లేనే లేవు సార్!"

ధనుంజయ కలం కింద పెట్టాడు. అతని గొంతులో నిజమైన జాలి పలికింది. "అంటే గవర్నమెంటు ఫారంలో తప్పుడు చిరునామా రాసి సంతకం పెట్టావా? ఆలోచించి చెప్పు. సబ్‌లెటింగ్‌కు క్వార్టర్ పోతుంది. తప్పుడు చిరునామాకు క్వార్టరూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది."

హుసేనప్ప ఆలోచించాడు. గోడ మీద ఫ్యాను మూడు చుట్లు తిరిగింది.

"ఉండాయి సార్."

"పదకొండూ?"

"పదకొండూ ఉండాయి సార్."

"అట్లా చెప్పు," అని ధనుంజయ రాసుకున్నాడు.

హుసేనప్పకు ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. అతని భార్య కాశింబీకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మెట్టు చూస్తే చాలు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. లోకో కాలనీలో మెట్లు లేని క్వార్టర్లు పన్నెండే. ఏడేళ్ళు వెయిటింగ్ లిస్టులో పడి ఉండి ఆ మూడో నంబరు తెచ్చుకున్నాడు. అది పోతే ఇక దొరికేది బ్లాకుల్లో పై అంతస్తే.

*

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు ధనుంజయ రిజిస్టరు, కొలత టేపు తీసుకొని మూడో నంబరుకు తనిఖీకి వచ్చాడు. కాశింబీ గుమ్మంలో పీట వేసుకొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఇంజిన్లు ఎక్కడమ్మా?"

ఆమె మొగుడివైపు చూసింది. మొగుడు నేలవైపు చూశాడు. జరిగినదంతా రాత్రే చెప్పాడు గనక కాశింబీ తడుముకోలేదు.

"డ్యూటీకి పోయినాయి సార్."

"అన్నీనా?"

"అన్నీ. మీ ఆఫీసోళ్ళ మాదిరి కాదు సార్, తొమ్మిదికంతా సీట్లో ఉంటాయి."

ధనుంజయ రెండు గదులూ, వంటిల్లూ, వరండా కొలిచాడు. వచ్చినదాన్ని పదమూడుతో భాగించాడు. పదకొండు ఇంజిన్లు, ఇద్దరు మనుషులు. ఒక్కొక్కరికి ముప్పై నాలుగు చదరపు అడుగులు. ముఖం గంభీరమైంది.

"ఇది చాలా అన్యాయం," అన్నాడు.

"అదే కదా సార్ మేమూ అనేది," అన్నాడు హుసేనప్ప ఆశగా.

"రైల్వే ఆస్తిని ఇంత ఇరుకులో ఉంచుతారా? అందులో ఒకటి అరవై ఏళ్ళ ఆవిరి ఇంజిన్. పెద్ద వయసు. దానికి గాలి ఎట్లా ఆడుతుంది?"

రిపోర్టులో కేసు తలకిందులైంది. హుసేనప్ప నేరం చేసిన మాట నిజమే, కానీ అంతకన్న పెద్ద నేరం పాఠశాలది. పదకొండు ఇంజిన్లకు వసతి చూపకపోవడం వల్లనే అవి ఒక టెక్నీషియన్ ఇంట్లో తలదాచుకున్నాయి. ప్రిన్సిపల్ చిదంబరరావు ఆ రిపోర్టు రెండుసార్లు చదివాడు. చమట తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే చిరునామాల కేటాయింపు కమిటీ పుట్టింది.

*

కమిటీకి చిదంబరరావు అధ్యక్షుడు, ధనుంజయ కార్యదర్శి. హుసేనప్ప సాంకేతిక సలహాదారు. అంటే టీలు అందించే దగ్గర నిలబడాలి.

"ప్రతి ఇంజిన్‌కూ ప్రత్యేక నివాసం," అన్నాడు చిదంబరరావు. "గౌరవప్రదమైన నివాసం. ఇది మన సంస్థాగత నిబద్ధత."

"సార్, ఒక్క మాట," అన్నాడు హుసేనప్ప. "డీకోడర్లో అంకెలు మార్చేస్తే సరిపోతుంది. నాలుగు, అయిదు, ఆరు అని. ఇండ్లు అక్కర్లే."

"ఇల్లు లేకుండా ఇంటి నంబరా?" అన్నాడు ధనుంజయ. "బోగస్ చిరునామాలు సృష్టిద్దామంటావా? అదీ కమిటీ సమక్షంలో?"

హుసేనప్ప టీ కప్పులు తీశాడు.

చిక్కు ఇంకొకటి తేలింది. డీకోడర్ ఒకటి నుంచి నూట ఇరవై ఏడు వరకు అంకెలు మాత్రమే తీసుకుంటుంది. కాలనీలో పాత వరస పన్నెండు ఇళ్ళకు తప్ప మిగతా క్వార్టర్లకు 'బి/14', 'డి/6 పైది', 'సి/2 నీళ్ళ ట్యాంకు పక్కది' లాంటి నంబర్లున్నాయి.

"డీకోడర్‌ను కాలనీకి తగ్గట్టు మార్చవచ్చా?" అని అడిగాడు చిదంబరరావు.

"కాదు సార్."

"అయితే కాలనీని డీకోడర్‌కు తగ్గట్టు మార్చండి."

నాలుగు రోజుల్లో కాలనీ గోడల మీది పాత నంబర్లకు సున్నం కొట్టి, ఒకటి నుంచి నూట ఇరవై ఏడు దాకా కొత్తవి రాశారు. నూట ముప్పై ఇళ్ళున్నాయి. మిగిలిన మూడు ఇళ్ళు లేనట్టు పరిగణించారు. అందులో ఒకటి డాక్టరుగారిది. గ్యాస్ సిలిండర్లు ఒకరివి ఒకరింట్లో దిగాయి. నలభై ఒకటిలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అరవై రెండులో కూర్చొని, మైసూర్‌పాక్ తిని, పిల్ల నచ్చిందని చెప్పి వెళ్ళారు. అరవై రెండులో పిల్ల ఆరో తరగతి. పోస్ట్‌మ్యాన్ సెలవు పెట్టాడు.

ఆ తరవాత ఖాళీ క్వార్టర్లను ఇంజిన్లకు సీనియారిటీ ప్రకారం పంచారు. అరవై ఏళ్ళ ఆవిరి ఇంజిన్‌కు ప్రిన్సిపల్ బంగళా పక్క బంగళా వచ్చింది. ప్రతి తలుపుకూ పేరుపలక కొట్టారు. ఇంజిన్లు మాత్రం మోడల్ రూమ్ బల్ల మీదే ఉన్నాయి. డ్యూటీలో ఉన్నాయని అందరికీ తెలుసు.

వెయిటింగ్ లిస్టులో నలభై ఆరు కుటుంబాలున్నాయి. యూనియన్ సెక్రటరీ ఓబులేసు వాళ్ళందరినీ వెంటేసుకొని ప్రిన్సిపల్ కిటికీ కింద కూర్చున్నాడు.

"మనుషులకు వెయిటింగా! బొమ్మలకు బంగళాలా!"

చిదంబరరావు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఓబులేసూ, వాటిని బొమ్మలనకు. అవి శిక్షణ విభాగంలో సీనియర్లు. శ్రామికులు. నువ్వు శ్రామికులకు వ్యతిరేకమా?"

ఇరవై ఏళ్ళలో ఓబులేసును ఆ మాట అన్నవాళ్ళు లేరు. పక్కనున్న వాళ్ళతో గుసగుసలాడి, లేచి నిలబడ్డాడు.

"అయితే పదకొండుమందినీ మా యూనియన్లో చేర్పించండి!"

సాయంత్రానికి ఎదుటి యూనియన్ వచ్చి అయిదింటిని తమవైపు లాక్కుంది. ఆ గొడవలో క్వార్టర్ల సంగతి అందరూ మరిచిపోయారు.

*

మార్చి ఇరవై రెండున చిదంబరరావు హుసేనప్పను మళ్ళీ పిలిచాడు. బల్ల మీద రెండు కవర్లు ఉన్నాయి.

"అభినందనలు. నీ మీద సబ్‌లెటింగ్ అభియోగం రద్దు. ఇంజిన్లన్నీ సొంత ఇళ్ళకు మారాయి."

హుసేనప్ప కవరు కళ్ళకద్దుకున్నాడు. "ఆ రెండోది సార్?"

"అదీ నీకే. డీకోడర్లు ఫ్యాక్టరీ నుంచి ఏ అంకెతో వస్తాయి?"

"మూడుతో సార్."

"అంటే ఇకముందు కొత్తగా డీకోడర్ పెట్టుకున్న ఏ ఇంజిన్ అయినా, కమిటీ దానికి సొంత చిరునామా ఇచ్చేదాకా ఎక్కడ దిగాలి?"

"బల్ల మీద సార్."

"మూడో నంబరులో! అది ఇకమీదట ట్రాన్సిట్ వసతి గృహం. 'డీకోడర్ సహిత ఇంజిన్లు తప్ప ఇతరులు నివసించరాదు.' నెలాఖరుకు ఖాళీ చెయ్యి. నీకు ఎనభై ఎనిమిది ఇచ్చాం. మంచి గాలి వస్తుంది. మూడో అంతస్తు."

"సార్, మా ఇంటామెకు మోకాళ్ళు..."

"పరివర్తన అన్నాక కొంత త్యాగం తప్పదు హుసేనప్పా."

*

కాశింబీ ఆ కాగితాన్ని మొగుడిచేత రెండుసార్లు చదివించుకుంది. ఓబులేసు కూడా వచ్చి వరండాలో కూర్చున్నాడు.

"ధర్నా చేద్దాం వదినా," అన్నాడు ఓబులేసు. "ఇంజిన్ సభ్యులు కూడా మనకే మద్దతు."

"నీ ధర్నా సంగతి చూసినాం లేప్పా. పదకొండు బొమ్మల్ని చేర్చుకొని లేచొచ్చినావు," అంది కాశింబీ. "ఏమయ్యా, ఇంకోసారి చదువు. ఎవరుండకూడదంట?"

"డీకోడర్ సహిత ఇంజిన్లు తప్ప ఇతరులు."

"ఇంజిన్ ఉండొచ్చా?"

"ఇంజిన్ ఉండొచ్చు."

"అయితే నువ్వు ఇంజిన్ అని రాయి."

ఓబులేసు నవ్వాడు. హుసేనప్ప నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆఫీసులో ఏ కాగితం ఎక్కడికి పోతుందో చూసినవాడు. లేచి పెట్టెలోంచి ఇంజిన్ రిజిస్ట్రేషన్ ఫారం ఒకటి తీశాడు.

"తయారైన స్థలం?" అని చదివాడు ఓబులేసు.

"ఆదోని సర్కారు ఆసుపత్రి," అంది కాశింబీ.

"వయసు?"

"యాభై ఏడు."

"ఇంధనం?"

"జొన్నరొట్టె, పుంటికూర. ఆదివారం పొట్టేలు."

"గరిష్ఠ వేగం?"

"ఆదివారం మటన్ అంగడికి పోయేటప్పుడు చూడాల్సిందే."

"ఆరు కిలోమీటర్లు అని రాస్తా," అన్నాడు హుసేనప్ప. "ఇంజిన్ వెంట టెండరు ఉందా అని గడి ఉండాది. బొగ్గూ నీళ్ళూ మోసుకుంటూ వెనకాల వచ్చే బండి. అక్కడ నీ పేరు రాయాల."

కాశింబీ చాట పక్కన పెట్టింది. "వెనకాలా? ముప్పై రెండేండ్లుగా ఎవరి వెనకాల ఎవరు వచ్చినారు? రాస్తే నన్ను ఇంజిన్ అని రాయి, నువ్వు టెండర్ అను."

"అమ్మా తల్లీ, ఉద్యోగం నాది కదా."

"వదినా, ఈ ఒక్కసారికి," అని ఓబులేసు చేతులు జోడించాడు.

"ఈ ఒక్కసారికే," అంది కాశింబీ. "మెట్లెక్కలేక ఒప్పుకుంటుండా, గుర్తుపెట్టుకో."

ఫారం ఎస్టేట్ సెక్షన్ చేరింది. ధనుంజయ దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఒక్క కొట్టివేతా లేదు. అతని సర్వీసులో అట్లాంటి ఫారం అదే మొదటిది. గౌరవంగా ముద్ర వేశాడు. పన్నెండో ఇంజిన్ రికార్డులకెక్కింది. పేరు: హుసేనప్ప. డీకోడర్: అట్టపెట్టెలో వచ్చిన పన్నెండోది. తాత్కాలిక చిరునామా: మూడు.

ఒక్కటే మిగిలింది. డీకోడర్ పనిచేస్తున్నట్టు నెలాఖరులోగా పరీక్ష జరగాలి. లేదంటే ఆ ఇంజిన్ పనికిరానిదిగా లెక్క, క్వార్టర్ ఖాళీ.

*

మార్చి ముప్పై ఒకటి, ఉదయం. చిదంబరరావు, ధనుంజయ ఇద్దరూ మూడో నంబరుకు వచ్చారు. హుసేనప్ప వరండాలో కుర్చీ మీద కూర్చొని ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నుదుట చమట పట్టింది. కాశింబీ లోపల వంటింట్లో ఉంది. ఓబులేసు గేటు దగ్గర నిలబడ్డాడు.

ధనుంజయ నియమావళి తెరిచాడు. "పరీక్ష ఒకటి. డీకోడర్ అమర్చిన ఇంజిన్ తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞకు మాత్రమే స్పందించవలెను. ఇతరుల ఆజ్ఞలకు స్పందించరాదు."

చిదంబరరావు గొంతు సవరించుకున్నాడు. "హుసేనప్పా, లే."

హుసేనప్ప కదల్లేదు. ఇరవై ఆరేళ్ళలో మొట్టమొదటిసారి ప్రిన్సిపల్ మాటకు కదల్లేదు.

"నేను ప్రిన్సిపల్‌ని. లేచి నిలబడు!"

కదల్లేదు. ధనుంజయ ఒక టిక్కు పెట్టాడు. తనూ ఒకసారి అరిచి చూశాడు. ఇంకో టిక్కు.

"ఇప్పుడు సరైన ఆజ్ఞ. ఆజ్ఞ పంపే యంత్రం ఎక్కడ?"

వంటింట్లోంచి, తల కూడా బయటపెట్టకుండా, కాశింబీ గొంతు వినిపించింది. "ఏమయ్యా, అల్లం దంచు."

హుసేనప్ప లేచాడు. నేరుగా వంటింట్లోకి నడిచాడు. రోటి చప్పుడు వినిపించింది. ధనుంజయ గడియారం చూశాడు. ఆజ్ఞకూ కదలికకూ మధ్య ఒక్క సెకను.

"మోడల్ రూమ్‌లో పదకొండింటికీ ఇంత వేగం లేదు సార్," అన్నాడు, కళ్ళు చెమ్మగిల్లి.

"మనం చేసిన పరివర్తన ఇది," అన్నాడు చిదంబరరావు. "ఇంకేం మిగిలింది?"

"చివరిది సార్. వెనక నడక. ఇంజిన్ ఉన్నచోటి నుంచి వెనక్కి జరిగి, గుమ్మం దాటి, ఆవరణ బయటికి పోవలెను."

రోటి చప్పుడు ఆగిపోయింది. గేటు దగ్గర ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు. బయటికి పోయిన ఇంజిన్ లోపలికి రావడానికి కొత్త పర్మిట్ కావాలని నియమావళి తరవాతి పేజీలోనే ఉంది.

కాశింబీ గోడ పట్టుకొని, ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మందాకా వచ్చింది. గడపకు అడ్డంగా పీట వేసి, దాని మీద కూర్చుంది.

"పాత మోడల్ సార్ ఇది," అంది. "ఇంట్లోంచి బయటికి పోయే గేరు దీనికి పెట్టలే."

ధనుంజయ ఫారం చూశాడు. పీట చూశాడు. ఆమె మోకాళ్ళు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి కాగితం మీంచి కళ్ళు ఎత్తి ఒక మనిషిని అంతసేపు చూశాడు. తరవాత కలం మూత తీసి, చివరి గడిలో, 'వర్తించదు' అని రాశాడు.